వృషభాయానికి కోసిన గోల్ఫు కర్ర

ఈ కబురు మొదట నా చెవిన వేసింది మా తోడికోడలు. మా రెండు వాటాలకీ మధ్య ఒకటే గోడ కాబట్టి, మా ఇంట్లో ఏం జరిగినా నాకన్నా ముందు ఆవిడకే తెలుస్తుంది. ఆ రోజు పొద్దున్న నేను పూజగదిలో వత్తులు చేసుకుంటున్నాను. ఆవిడ గుమ్మం బయటే నిలబడి, తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ గొంతు తగ్గించింది.

"అక్కా, కంగారు పడనంటే ఒక మాట చెప్తాను. బావగారు కొబ్బరి రాశి వెనకాల ఒక్కరే నిలబడి ఇనప చువ్వతో నేలని కొడుతున్నారు."

"పామేమో."

"పామైతే గట్టిగా కొడతారు గానీ, చంటిపిల్లని జోకొట్టినట్టు కొడతారా? కొట్టేక నడిచెళ్ళి, వంగి ఏదో తీసుకుని, మళ్ళీ వెనక్కొచ్చి మళ్ళీ కొడుతున్నారు. నాకెందుకో గాలి సోకిందేమో అనిపిస్తోంది."

ఇల్లాలన్నది ఏం చేయాలి? పరుగున వెళ్ళి చూడాలి. నేను మాత్రం ముందు దీపం వెలిగించి, ఆంజనేయస్వామికి వడమాల మొక్కుకుని, కుంకుమ పెట్టుకుని, అప్పుడు వెళ్ళాను. ఆయనకి నిజంగానే ఏదైనా అయి ఉంటే, నా భక్తి పూర్తయ్యేలోపు అయిపోవలసింది అయిపోయేది. భగవంతుడు నాలాంటివాళ్ళని ఎరిగినవాడు కనుక కాస్త సమయం ఇచ్చాడు.

వెళ్ళి చూస్తే మా వారు కులాసాగానే ఉన్నారు. కొబ్బరి చెట్ల మధ్య చాపంత మేర గరిక పెంచి, తలకి నూనె రాసి దువ్వినట్టు కత్తిరించారు. ఆ గరిక మధ్యలో ఒక కొబ్బరి చిప్పని నేలలోకి దించి పాతారు. చేతిలో ఉన్నది చువ్వ కాదు, మా ఇంట్లో చాలాకాలంగా నేను వాడుకుంటున్న కర్రే. దాంతో ఒక తెల్లటి బంతిని చిప్పలోకి దొర్లించాలని చూస్తున్నారు. బంతి మాత్రం చిప్పని పలకరించకుండా పక్కనుంచి వెళ్ళిపోతోంది.

ఆ కర్ర సంగతి ముందు చెప్పాలి. మా వారు పెళ్ళయిన కొత్తలోనే గల్ఫు వెళ్ళారు. అక్కడ గోల్ఫు ఆడే మైదానంలో గడ్డి పని. బంతి పడే గుంట చుట్టూ మఖమల్లు లాంటి గడ్డి ఉంటుందట. దాన్ని రోజూ తెల్లవారకముందే కత్తిరించడం ఆయన ఉద్యోగం. ఒక పక్కనుంచి ఈయన, రెండో పక్కనుంచి మా దగ్గర నగరం అనే ఊరివాడైన ఆయన స్నేహితుడు. ఇద్దరూ ఒకే గదిలో ఉండేవారు. కలిసి వండుకుని, కలిసి గడ్డి కోసేవారు. ఆ గడ్డి మీద పనివాళ్ళు కర్ర పట్టుకుని బంతి ముట్టుకోకూడదన్నది అక్కడి నియమం. కోయవచ్చు, తడపవచ్చు, ఊడ్వవచ్చు, ఆడకూడదు. "ఎప్పటికైనా ఇలాంటి గడ్డిమీద చెరో బంతీ కొట్టాలిరా" అని ఇద్దరూ అనుకునేవారట. అక్కడ ఆడే ఒక పెద్దాయన తన దేశం వెళ్ళిపోతూ, తన కర్రని మీ ఇద్దరికీ అని ఇచ్చి వెళ్ళారు. ఇద్దరూ దాన్ని మంచం కింద దాచుకున్నారు. ఒక వేసవిలో నగరం ఆయన జ్వరంతో ఆస్పత్రిలో చేరి, తిరిగి గదికి రాలేదు. కర్ర ఒక్కటే మా వారి సామానుతో మా ఇంటికి వచ్చింది.

వచ్చిన కొత్తలో ఇదేంటండీ అని అడిగాను. "అక్కడ ఒక పెద్దాయన ఇచ్చారు. బంతి కొట్టేదిలే" అని ఊరుకున్నారు. కింద వంకీలాంటి ఇనుము, మధ్య సన్నటి ఇనప గొట్టం, పైన రబ్బరు పిడి. నాకు దేవుడు వెంటనే దాని ఉపయోగం తోపించాడు. అందని మందార కొమ్మలు వంచడానికి అంత వీలైన వస్తువు కోనసీమలో లేదు. ఆ పూల పుణ్యంలో సగం గల్ఫు పెద్దాయనకి చెందాలని సంకల్పంలో కూడా చెప్పుకునేదాన్ని. మా వారు ఏనాడూ వద్దనలేదు. మునక్కాయలు కోస్తున్నప్పుడు మాత్రం ఒకసారి "మెల్లిగా" అన్నారు. మునక్కాయల గురించనుకున్నాను.

"ఏంటండీ ఇది?" అన్నాను ఆ రోజు.

ఆయన బంతిని పంచెకి తుడుచుకుంటూ చెప్పారు. గల్ఫులో వాళ్ళకి పైవాడుగా ఉన్న మేస్త్రీ ఇప్పుడు విశాఖపట్నంలో ఒక గోల్ఫు మైదానంలో పని చేస్తున్నాడు. అక్కడ ఏడాదికి ఒక రోజు గడ్డి పనివాళ్ళనే ఆడనిస్తారు. ఆ మేస్త్రీ ఫోన్ చేసి, నువ్వూ వచ్చి నాలుగు బంతులు కొట్టిపో అన్నాడు.

"ఒకటి నాది, ఒకటి వాడిది. అంతే. వెళ్ళొచ్చేస్తాను" అన్నారు.

మా ఆయన ఏదైనా కావాలని అడగడం నేనెరగను. పప్పులో ఉప్పు తక్కువైనా అడగరు. అలాంటి మనిషి అంత మాట అన్నారంటే, ఈ పని జరగాలి. జరిపించడం నా వంతు అనుకున్నాను. నేను అలా అనుకోకుండా ఉంటే ఆ పని చాలా తేలిగ్గా జరిగిపోయేది.

చిక్కులు రెండు. మొదటిది కర్ర పొడవు. ఆ పెద్దాయన తాటిచెట్టంత మనిషి. మా వారు కొబ్బరి మొలక. కర్ర పై కొస వచ్చి ఈయన పొట్టలో గుచ్చుకునేది. అది తప్పించుకోవాలని దూరంగా నిలబడితే, కింది ఇనుము నేలమీద బల్లపరుపుగా కూర్చునేది కాదు.

"చూడు, దీని ముక్కు పైకి లేచింది" అని చూపించారు. "ఇలా ఉంటే బంతి ఎడమ పక్కకే పోతుంది. నడుం దగ్గర కొంచెం వంగి, చేతులు భుజాలనుంచి వాటంతట అవి వేలాడాలి. కళ్ళు సరిగ్గా బంతి మీదకి రావాలి. అప్పుడు అరచేతులు ఎక్కడుంటే అక్కడికి పిడి రావాలి. అదీ కొలత."

రెండోది ఆయన చెయ్యి. గల్ఫునుంచి తిరిగొచ్చినప్పటినుంచి కుడిచెయ్యి వణుకుతుంది. భయం లేదు, వయసుతో వచ్చిందే అని అమలాపురం డాక్టరుగారు చెప్పారు. కానీ కాఫీ గ్లాసు పళ్ళెంలో పెడితే గంట మోగినట్టు మోగుతుంది. పాత పిడి సన్నం. సన్నటి పిడిని వేళ్ళతో బిగించి పట్టుకుంటే మణికట్టు ఇంకా ఎక్కువ ఆడుతుంది. బంతిని తాకే క్షణానికి ఇనుము ఎటు తిరుగుతుందో ఆయనకే తెలియదు.

పొడవు సంగతి నేను చూస్తానన్నాను. కొలతల్లో నాకు కొంచెం అహంకారం ఉంది. మా పుట్టిల్లు గోదావరి మధ్య లంక ఊరు. బడికి వెళ్ళాలంటే రేవు దాటాలి. మా నాన్నగారికి పడవంటే భయం. నన్ను ఇంట్లోనే కూర్చోబెట్టి అక్షరాలు, పురాణం, లెక్కలు చెప్పారు. టేపులూ స్కేళ్ళూ ఆయన దగ్గర లేవు. జానెడు, బెత్తెడు, మూరెడు, అంగుళం, ఇవే. అరుగూ ఆవూ గుమ్మడికాయా అన్నీ జానలతో కొలిచి పెరిగినదాన్ని. ఆయన రుణం తీరేది కాదు. అందుకే మా వారిని నిలబెట్టి, ఆయన చెప్పినట్టే చేతులు వేలాడదీయించి, అరచేతినుంచి నేలదాకా నూలు దారం పట్టి కొలిచాను. కొలత సరిగ్గానే వచ్చింది. ఆ మాట ఇప్పుడు గట్టిగా చెప్పుకుంటున్నాను. నేను చేసిన పనుల్లో సరైనది అదొక్కటే కాబట్టి.

మర్నాడు ఆయన కొబ్బరికాయల లారీతో అంబాజీపేట వెళ్ళారు. నేను దారం పట్టుకుని సిద్ధాంతిగారి ఇంటికి వెళ్ళాను.

మా వైపు ఇల్లు కట్టినా, గుమ్మం ఎత్తినా, మంచం చేయించినా, దాని కొలతని యజమాని నక్షత్రంతో కలిపి లెక్క చూస్తారు. దాన్నే ఆయం అంటారు. లెక్క తేలినదాన్నిబట్టి ఆ కొలతకి ఒక పేరు వస్తుంది. ఏనుగు వస్తే మంచిది, ఎద్దు మంచిది, సింహం మంచిది. గాడిదా కుక్కా కాకీ వస్తే ఆ కొలతతో చేయించరు. ఇంత పెద్ద పనికి ఆయం చూడకుండా కోయిస్తే ఎలా అని నాకు పట్టుకుంది.

"ఏ వస్తువుకమ్మా?" అన్నారు సిద్ధాంతిగారు.

"కర్రకండి."

"చేతికర్రా?"

"కాదండి. బంతి కొట్టే కర్రండి. మా వారిదండి."

ఆయన కళ్ళజోడు తీసి నా వైపు చూశారు. "అమ్మా, ఆటవస్తువులకి ఆయం ఎవరూ చూడరు. క్రికెట్ బ్యాటుకి చూస్తామా?"

"మంచానికి చూస్తారు కదండీ. మంచం మీద పడుకోవడమే కదండీ. ఇదైతే పదిమందిలో నిలబడాలండి."

నాతో వాదించడం కన్నా లెక్క కట్టడం తేలికని ఆయనకి అర్థమైంది. పంచాంగం తీశారు, దారం కొలిచారు, వేళ్ళు లెక్కపెట్టారు. "కాకాయం వస్తోందమ్మా" అన్నారు.

ఇంత చేసి కాకా?

"పోనీ కొంచెం తగ్గిస్తే?"

"తగ్గిస్తే గజాయం. కానీ మీవారి నక్షత్రానికి అంత పొసగదు. ఇంకో జానెడు కిందకి దిగితే వృషభాయం. అది దివ్యంగా ఉంది. కానీ అమ్మా, ఆట ఆడేది మనిషి కదా, కొలత ఆయన్నే అడిగితే..."

"ఆయ్, అడుగుతానండి" అన్నాను. అడగలేదు. దారానికి కొత్త ముడి వేసుకుని, దండం పెట్టుకుని, ఇంటికెళ్ళి కర్ర తీసుకుని రాజోలు ఆటో ఎక్కాను.

రాజోలులో గేట్లు, గ్రిల్లులు చేసే వెల్డింగు షాపాయన కర్రని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పైనుంచి కొయ్యాలాండి, కిందనుంచాండి?"

"పైనుంచి. కింద ముక్కుంది కదా."

"ఆయ్. మళ్ళీ చెప్తన్నానండి అమ్మగారూ. కొయ్యడం ఒక్క నిమిషం. అతకడం మాత్రం ఇంత సన్నటి గొట్టానికి కుదరదండి. ఒకసారి ఇంట్లో కనుక్కుంటారేమో."

"నువ్వు కొయ్యి నాయనా. వృషభాయం."

ఆ మాట ఆయన అడగలేదు, నేనే గర్వంగా చెప్పాను. ఆయన పాత రబ్బరు పిడిని కత్తితో చీల్చి తీసేసి, ముడి దగ్గర గీత పెట్టి, కోసేశాడు. రంపం చప్పుడు నాకు మంగళవాద్యంలా వినిపించింది.

పిడి కూడా నా చేతుల మీదుగానే తయారైంది. మన నేల ఇచ్చిన కొబ్బరి పీచు తాడు ఉండగా రబ్బరెందుకు అని, సన్నటి పీచు తాడు తెచ్చి గొట్టం చుట్టూ బిగించి చుట్టాను. ఎంత అందంగా వచ్చిందంటే, బొట్టు పెట్టి దేవుడి దగ్గర ఉంచాను కూడా. ఆయన అంబాజీపేటనుంచి రాగానే రెండు చేతుల్లో పెట్టి, వంగి అందించాను.

ఆయన గరిక దగ్గరకి వెళ్ళి నిలబడ్డారు. వంగారు. ఇంకా వంగారు. మునివేళ్ళు పిడికి అందేటప్పటికి వీపు నేలకి సమంగా వచ్చింది. గోడ అవతలనుంచి మా తోడికోడలి గొంతు వినిపించింది.

"అక్కా, బావగారిని వరి ఊడ్పులకి పంపుతున్నావా ఏంటి? కూలి ఎంతిస్తున్నారేంటి?"

ఆయన నవ్వారు, కోప్పడలేదు. "దారం కొలత ఇంత లేదు కదే" అన్నారంతే. నేను ఆయం సంగతి చెప్పాను. కాకి గురించి, ఎద్దు గురించి చెప్పాను. ఆయన చాలాసేపు విని, "ఎద్దుకైతే సరిపోయేది. నాలుగు కాళ్ళమీద నిలబడుతుంది కదా" అన్నారు.

అయినా ఆడారు. నా మనసు నొప్పించకూడదని, నేను చూస్తుండగా ఆడుతూనే ఉన్నారు. అంత వంగితే కళ్ళు బంతిని దాటి అవతలకి వెళ్ళిపోతాయి. ఇనుము మడమ లేచి ముక్కు నేలలో పొడుచుకుంటుంది. అంతకుముందు ఎడమకి పోయే బంతి ఇప్పుడు కుడికి పోసాగింది. అటుగా నేను పూజకోసం గరిక కోసేసిన బోడి మచ్చ ఒకటుంది. బంతి నేరుగా అందులోకి వెళ్ళి ఆగేది. ఆయన పెంచిన గడ్డి వినాయకుడికి ఇష్టమైన గరికే కదా అని కోసుకున్నాను. అది మైదానమన్న సంగతి నాకు తట్టలేదు. ఇక పీచు తాడు ఆయన అరచేతుల్ని కొబ్బరి తురిమినట్టు తురిమింది.

సాయంత్రానికి ఆయన నడుం పట్టేసింది. ఉప్పు మూటతో కాపడం పెడుతున్నాను. ఆయన గోడవైపు తిరిగి పడుకుని, "మేస్త్రీకి ఫోన్ చేసి రానని చెప్పేస్తాలే" అన్నారు.

"అయ్యో, అదేంటండీ?"

"నిలబడలేనివాణ్ణి అంత దూరం వెళ్ళి ఏం చేస్తాను? వాడి బంతి కూడా సరిగ్గా కొట్టలేకపోతే ఎందుకు?"

ఆయన తన బంతి సంగతి అనలేదు, స్నేహితుడి బంతి సంగతే అన్నారు. నేను వృషభం కోసం పోయి కోయించింది గొట్టాన్ని కాదు, వాళ్ళిద్దరి మాటని.

ఆ మర్నాడు మా తోడికోడలు వచ్చి, నేను దిగాలుగా మజ్జిగ చిలుకుతుంటే ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. ఆవిడ నాలుక పదునే గానీ మనసు వెన్న.

"కోసింది అతకదా అక్కా?"

"అతకదుట. సన్నటి గొట్టంట."

"గొట్టమంటే లోపల బోలే కదా. పైనుంచి ఏదైనా దూరిస్తే పొడుగవదా? గొడుగు కర్ర విరిగితే మా నాన్న అలాగే చేసేవాడు."

నేను చిలకడం ఆపి నా చేతిలో ఉన్నదాన్ని చూశాను. మా అమ్మ సారెలో పెట్టిన కవ్వం. చేవదేలిన కర్ర. పై కొస సన్నగా, నున్నగా, వాడి వాడి అద్దంలా ఉంటుంది. ఆవిడ కూడా దాన్నే చూసింది.

"వద్దులే అక్కా. మీ అమ్మది కదా."

"అమ్మే ఉంటే ఇచ్చేసి ఉండేది" అన్నాను.

కవ్వం కాడని కత్తితో కొంచెం చెక్కి, గొట్టంలోకి బిగుతుగా దూర్చి, బంక పెట్టాము. పొడవు తిరిగి వచ్చింది. ఈసారి దారం పట్టలేదు. ఆయన్నే నిలబెట్టి, చేతులు వేలాడదీయించి, అరచేతులు ఆగినచోట కత్తితో గాటు పెట్టి, మిగిలింది కోసేశాము. ఆ రోజునుంచి కవ్వం లేక మజ్జిగకి గోడ అవతలికి గిన్నె పట్టుకెళ్ళేదాన్ని. "వచ్చేరండీ, గోల్ఫు వారింటివారు" అని మా తోడికోడలు గరిటెతో కొలిచి పోసేది.

ఇక పిడి మిగిలింది. దాని జవాబు నాకు పూజగదిలో దొరికింది. హారతి ఇస్తూ పక్కకి చూశాను. కొంచెం నడుం తేరుకున్న మా వారు చేతులు జోడించి నిలబడ్డారు. ఆ చేతులు వణకడం లేదు. అరచేతికి అరచెయ్యి ఆని, ఒకదాన్నొకటి పట్టుకుని, దీపంలా నిలకడగా ఉన్నాయి. హారతి పళ్ళెం అక్కడే పెట్టేసి కేక పెట్టాను.

"ఏవండీ, కదలకండి!"

కర్రని ఆ రెండు అరచేతుల మధ్యా పెట్టించాను. ఒక చెయ్యి కింద, ఒక చెయ్యి పైన కాకుండా, దండం పెట్టినట్టు రెండూ ఎదురెదురుగా. వేళ్ళతో బిగించి పట్టే పని లేకుండా, అరచేతులు రెండూ నిండేటట్టు పిడి లావుగా ఉండాలి. అప్పుడు ఒక చేతి వణుకుని రెండోది ఆపుతుంది. ఇది స్వామి నాకు స్వయంగా చెప్పిన విద్య అని నా కళ్ళు చెమ్మగిల్లాయి. మా వారు మెల్లిగా అన్నారు.

"అక్కడ బట్టతల దొర ఒకాయన ఎప్పుడూ ఇలాగే పట్టుకునేవాడు."

"మరి ముందే చెప్పొచ్చు కదండీ?"

"నాకు ఇప్పుడే గుర్తొచ్చింది. నువ్వు కేక వేసేవు కదా."

స్వామి ఆ విద్య నాకన్నా ముందు బట్టతల దొరకి చెప్పాడన్నమాట. ఆయన లీల, నేను కాదనడానికెవరిని?

పీచు తాడు విప్పేశాను. మెత్తటి పాత నూలుగుడ్డ చుట్టి, చేతికి నిండుగా వచ్చేవరకు లావు పెంచాను. పైన సైకిలు ట్యూబు చీలికలు బిగించి చుట్టాను. నేను చుట్టినది మొదట రోకలిలా గుండ్రంగా వచ్చింది. గుండ్రంగా ఉంటే చేతిలో తిరిగిపోతుందని, రెండు బొటనవేళ్ళూ ఆనడానికి ముందువైపు చదునుగా ఉండాలని ఆయన చెప్పారు. ఈసారి ఎవరి నక్షత్రమూ చూడకుండా, చెప్పింది చెప్పినట్టు విన్నాను. లోపల ఒక వెదురు బద్ద పెట్టి మళ్ళీ చుట్టాను. బొటనవేళ్ళు రెండూ పక్కపక్కనే బుద్ధిగా కూర్చున్నాయి. పైన కోసి, కవ్వం దూర్చి, లావు చుట్టేసరికి కింది ఇనుము తేలికైనట్టు తోస్తోందని ఆయన కొన్నాళ్ళు సణిగారు. అలవాటు పడ్డారు. బంతి చిప్పలో టక్కుమని పడిన మొదటి రోజు గోడ అవతలా ఇవతలా చప్పట్లు మోగాయి.

బయలుదేరే ముందు రోజు నా చెయ్యి ఊరుకోక, దారం తీసి కర్రని మళ్ళీ కొలిచాను. మొదటి ముడి దగ్గరికే వచ్చింది. సరిగ్గా కాకాయం. మన వైపు కాకి ఎవరి తరఫున వస్తుందో, ఎవరికోసం అన్నం ముద్ద గోడమీద పెట్టి పిలుస్తామో తలపుకి వచ్చింది. నగరం ఆయన బంతి కొట్టవలసిన కర్రకి ఆ ఆయం చెడ్డదని నేనెలా అనుకున్నాను? దారం మడిచి దేవుడి ముందు పెట్టి దండం పెట్టుకున్నాను. సిద్ధాంతిగారికి మాత్రం చెప్పలేదు. కొంచెం పరువు మిగుల్చుకోవాలి కదా.

రాజోలులో బస్సు, రాజమండ్రిలో రైలు. కర్రని పాత దిండు గలీబులో చుట్టి నా ఒళ్ళో పెట్టుకున్నాను. పక్కనున్నావిడ గొడుగా అండి అంది. ఎదుటాయన హనుమంతుడి గద ఏ గుడికండి అన్నాడు. వడమాల మొక్కు ఇంకా తీర్చలేదని అప్పుడు గుర్తొచ్చి చెంపలు వేసుకున్నాను. అది చూసి ఆయన కూడా గలీబుకి దండం పెట్టాడు.

విశాఖపట్నంలో ఆ గడ్డిని చూశాక, నేను వినాయకుడికోసం కోసిన బోడి మచ్చ గుర్తొచ్చి సిగ్గేసింది. మేస్త్రీగారు ఎదురొచ్చి మా వారిని కావిలించుకున్నారు. మా వారు ఆ గడ్డిమీదకి వెళ్ళగానే కర్ర పక్కన పెట్టి, మోకాళ్ళమీద కూర్చుని, అరచేతి వెనకవైపుతో గడ్డిని నిమిరారు. "ఈ పొద్దున్న ఎవరు కోసేరు? బాగా కోసేరు" అన్నారు. పక్కన నిలబడిన పనివాళ్ళలో ఒకాయన తల వంచుకుని నవ్వాడు.

మొదటి బంతి ఆయనది. మా గరిక మీద కొట్టినంత గట్టిగా కొట్టారు. ఆ గడ్డి నూనె రాసిన పెనంలాంటిది. బంతి గుంటని దాటి, గడ్డిని దాటి, ఇసకలో పడింది. అందరూ నవ్వారు. ఆయన అందరికన్నా ఎక్కువ నవ్వారు. అంత బిగ్గరగా నవ్వగా నేను విన్నది ఎప్పుడో.

రెండో బంతి పెట్టేముందు నవ్వు ఆపేశారు. నడుం దగ్గర కొంచెం వంగారు. చేతులు వాటంతట అవి వేలాడాయి. పిడి అరచేతుల దగ్గరికి వచ్చింది. ఇనుము గడ్డిమీద బల్లపరుపుగా కూర్చుంది. బొటనవేళ్ళు పక్కపక్కన ఆనాయి. అరచేతులు దండం పెట్టినట్టు ఎదురెదురుగా నిలిచాయి. చెయ్యి వణకలేదు.

"ఇది నీదిరా" అన్నారు.

ఆ క్షణాన నేనేం చేశానో తెలుసా? కళ్ళు గట్టిగా మూసుకుని స్వామిని తలుచుకోవడం మొదలుపెట్టాను. కర్ర కోయించి, నడుం విరగ్గొట్టి, కవ్వం ఇచ్చి, రైలెక్కి, ఇంత దూరం వచ్చింది దేనికో అది జరుగుతుంటే, అక్కడున్నవాళ్ళందరిలో చూడనిది నేనొక్కదాన్నే. నాకు వినిపించింది మాత్రం టక్కుమన్న చిన్న చప్పుడు. కళ్ళు తెరిచేసరికి మా వారు గుంట పక్కన కూర్చుని, బంతిని తీయకుండా, గుంట అంచున గడ్డిని సరిచేస్తున్నారు.

ఇంటికి రాగానే మా తోడికోడలు గోడమీదనుంచి అడిగింది. "పడిందా అక్కా?"

"పడిందిట" అన్నాను.

"టా? నువ్వు లేవూ అక్కడ?"

"ఉన్నానే. దండం పెట్టుకుంటున్నాను."

ఆవిడ నుదురు కొట్టుకుని లోపలికి వెళ్ళి, మజ్జిగ గిన్నె పట్టుకుని వచ్చింది.

ఇదంతా చదివినవాళ్ళని ఒక్కటే కోరుకుంటున్నాను. నన్ను గుర్తుపెట్టుకోనక్కరలేదు. నా ఆయాలు చూసి నవ్వుకుంటే చాలు. మా వారి సంగతి నేను చూసుకుంటాను. మీరు ఎక్కడైనా చక్కగా కత్తిరించిన పచ్చగడ్డి మీద అడుగు పెట్టినప్పుడు, నగరం ఊరినుంచి వెళ్ళి, పరాయి ఎండలో అలాంటి గడ్డిని ఏళ్ళ తరబడి కోసి, దానిమీద ఒక్క బంతీ కొట్టకుండానే వెళ్ళిపోయిన ఆ మనిషిని ఒక్కసారి తలుచుకోండి. పేరు తెలియకపోయినా ఫరవాలేదు. ఆయన బంతి గుంటలో పడిందని మనసులో అనుకోండి, చాలు.